కాగితం లేని కంచె

గంగాలమ్మపాలేనికి కంచె పడింది రెండు వేల ఇరవై, మే పదమూడో తారీఖు పొద్దున. చెన్నై రేవులో బోటు పనికి పోయి తిరిగొచ్చిన బుల్లబ్బాయికి కరోనా ఉందని ముందు రోజు సాయంత్రం తేలింది. తెల్లారేసరికి రెండు ట్రాక్టర్ల నిండా వెదురు బొంగులూ రేకులూ దిగాయి. ఉప్పాడకి ఉత్తరాన ఉన్న ఆ ఊరికి బయటికెళ్లే దారి ఒక్కటే. ముందు సముద్రం, అటూ ఇటూ రొయ్య పిల్లల్ని పెంచే హేచరీల ప్రహరీ గోడలు. ఆ ఒక్క దారినీ అడ్డంగా మూసేసి, మధ్యలో రేకు తలుపు ఒకటి నిలబెట్టి, గొలుసు చుట్టి తాళం వేశారు.

తాళం చెవి తెచ్చి గంగయ్య చేతిలో పెట్టారు.

గంగయ్యకి అరవై రెండేళ్లు. ఆ నూట పది గడపకీ అతనే కులపెద్ద. వేటలో వలలు చిక్కుపడి తగువొచ్చినా, పెళ్లి మాటలు తప్పినా అతని అరుగు మీదే తేలాలి. మాట కటువు, మనసులో మర్మం లేదు అని పేరు. సొంత మనిషనీ పరాయి మనిషనీ చూడడని ఇంకా పెద్ద పేరు.

"మీ చేతిలో ఉంటే మాకు ధైర్యమండి," అన్నాడు మండలాఫీసులో పనిచేసే ఉదయభాస్కర్. "కానిస్టేబులు తొమ్మిదింటికి గానీ రాడు, చీకటి పడితే ఉండడు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే అంబులెన్సుకి ఫోను చెయ్యండి. అది వచ్చాకే తలుపు తియ్యాలి. ఇంకే బండీ లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు, పడవలు కూడా దిగకూడదు. గవర్నమెంటు ఆర్డరు."

"ఎన్నాళ్లండి?"

"ఇరవై ఎనిమిది రోజులండి. ఆ తర్వాత సంగతి మళ్లీ చెప్తాం."

ఆ ఆర్డరేదో చూపించమని గంగయ్య అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. గవర్నమెంటు మాటంటే అతనికి అంత గురి. దాని వెనక ఒక చావుంది. అతని తమ్ముడు లోవరాజు చాలా ఏళ్ల కిందట, కార్తీక మాసంలో, తుపాను వస్తోంది వేటకి పోవద్దని రేడియోలో చెప్తుంటే నవ్వి తెప్ప తోశాడు. మళ్లీ రాలేదు. శవం కూడా దొరకలేదు. ఆనాటి నుంచీ గంగయ్య ఊరందరికీ ఒకటే చెప్పేవాడు, పైనుంచి వద్దన్నారంటే వద్దనే, ఎందుకని అడిగేలోగా పడవ తిరగబడిపోద్ది అని.

మొదటి నెల ఊరు అతని మాట మీద నిలబడింది. బుల్లబ్బాయి కోలుకుని ఇంటికొచ్చాడు. ఊరందరికీ ముక్కుల్లో పుల్లలు పెట్టి పరీక్షలు చేశారు, ఒక్కరికీ లేదన్నారు. జూన్ ఒకటిన వేట నిషేధం ఎత్తేశారు. ఉప్పాడ బోట్లు పొద్దు పొడవకముందే కడలి మీదికి పోతుంటే గంగాలమ్మపాలెం మగాళ్లు ఒడ్డున గొంతుక్కూర్చుని చూశారు. ఇంకెంత, తొమ్మిది రోజులు, అని గంగయ్య సర్దిచెప్పాడు.

జూన్ తొమ్మిది వచ్చింది, వెళ్లింది. పదో తారీఖున ఎవరూ రాలేదు. గంగయ్య ఉదయభాస్కర్‌కి ఫోను చేశాడు.

"పొడిగించారండి పెద్దాయనా. బయట కేసులు పెరిగిపోతున్నాయి కదా."

"ఎన్నాళ్లకి పొడిగించేరండి?"

"అది పైనుంచి రావాలండి."

గంగయ్య ఆ మాటే ఊళ్లో చెప్పాడు. కొందరు గొణిగారు. కంచెకి బారెడు దూరంలోనే హేచరీల లారీలు రోజూ తిరుగుతున్నాయి, వాటి డ్రైవర్లు ఒంగోలు నుంచి ఒకరూ నెల్లూరు నుంచి ఒకరూ వస్తున్నారు, వాళ్లకి లేని రోగం మనకెక్కడిది అని అతని అల్లుడు వీరబాబు నలుగురిలో అడిగాడు. వీరబాబు వేరే ఎవరో కాదు, గంగయ్య సొంత అక్క కొడుకు. చిన్నకూతురు నాగదుర్గని ఇచ్చి రెండేళ్లయింది. చేపలు మార్కెట్టుకి తోలే ట్రాలీ ఆటో ఉంది అతనికి.

"వాళ్ల సంగతి మనకెందుకురా," అన్నాడు గంగయ్య. "మనకి చెప్పింది మనం చేద్దాం."

జూన్ ఇరవై నాలుగు, బుధవారం. ఇంకా వెలుగు రాలేదు. నాగదుర్గకి ఎనిమిదో నెల. నిద్రలో నడుం నొప్పని లేచి, రెండడుగులు వేసి, గోడ పట్టుకుని నిలబడిపోయింది. చీర తడిసిపోయింది. దీపం తెచ్చి చూసిన వీరబాబుకి కింద కనిపించింది నీరు కాదు, నెత్తురు.

అతను భార్యని ఆటో వెనక పరుపు మీద పడుకోబెట్టి కంచె దగ్గరికి తెచ్చేసరికి, కబురందిన గంగయ్య తలుపు ముందు నిలబడి అంబులెన్సుకి ఫోను చేస్తున్నాడు. గంగయ్య భార్య అచ్చాయమ్మ అప్పటికే వచ్చి కూతురి తల ఒళ్లో పెట్టుకుంది.

"తలుపు తియ్యి మావా," అన్నాడు వీరబాబు.

"బండి బయలుదేరిందంటన్నారు. అరగంటలో వచ్చేస్తది."

"అరగంటలో నేను కాకినాడలో ఉంటాను. తియ్యి."

గంగయ్య కదల్లేదు. అతని వెనక అప్పటికే ఇరవై మంది చేరారు. వారం కిందట వాళ్లలో ఒకడు, జ్వరమొచ్చిన తల్లిని బైకు మీద తీసుకుపోతానంటే గంగయ్య ఇదే చోట నిలబడి కాదన్నాడు. ఆ మనిషి ఇప్పుడు గుంపులో చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఊరికో రూలూ నా కూతురికో రూలా?" అన్నాడు గంగయ్య. "ఇయ్యాల నీకు తీస్తే రేపు ఎవరికి ఆపను? అంబులెన్సు వస్తది. ఓర్చుకోండి."

నాగదుర్గ ఆటోలోంచి "నాన్నా," అంది.

వీరబాబు ఆ తలుపుని ఒక్క తన్ను తన్నగలడు. మేనమామని పక్కకి తోసెయ్యగలడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషికి ఎదురు మాట చెప్పి ఎరగడు. చెయ్యి లేచింది గానీ, ఆయన మీద పడలేక రేకు మీద పడింది. రేకు ఒకసారి మోగి ఊరుకుంది.

ఆ రోజుల్లో అంబులెన్సులన్నీ కరోనా రోగుల్ని మోస్తున్నాయి. గంగాలమ్మపాలేనికి బండి రావడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. కాకినాడలో డాక్టర్లు నాగదుర్గని బతికించారు. కడుపులో ఆడపిల్ల అప్పటికే పోయింది. ఒక గంట ముందు తెచ్చుంటే, అని డాక్టరమ్మ మొదలుపెట్టి, వీరబాబు మొహం చూసి ఆపేసింది.

నాలుగు రోజులకి ఇంటికొచ్చిన నాగదుర్గ తండ్రి మొహం చూడలేదు. తిట్టలేదు, ఏడవలేదు. గంగయ్య గుమ్మంలోకొస్తే లేచి లోపలికి వెళ్లిపోయేది. అతను అదీ భరించాడు. చెయ్యాల్సింది చేశాను, రాత అలా ఉంది, అని రోజుకి పదిసార్లు లోపల చెప్పుకున్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే అతను అన్నం తింటున్నాడు.

జులై మొదటి వారంలో వీరబాబు హైకోర్టులో రిట్టు వేశాడు. కంచె లోపలి నుంచే, ఫోను మీద. కాకినాడలో అతని చేపలు కొనే హోటలాయనకి తెలిసిన లాయరు ఉంది. పేరు భానుశ్రీ. భీమవరం వైపు రాజుల అమ్మాయి, ప్రాక్టీసు మొదలుపెట్టి ఆరేళ్లయింది. వకాలతు మీద సంతకం వాట్సాప్‌లోనే అయింది.

ఆ మర్నాడే ఉదయభాస్కర్ కంచె అవతలికి వచ్చి గంగయ్యని పిలిచాడు. ప్రభుత్వం తరఫున కోర్టుకి జవాబు వెయ్యాలి. ఊరి పెద్ద కూడా ఒక ప్రమాణపత్రం ఇస్తే బావుంటుందని పైవాళ్లు అన్నారట, రాయించి తెచ్చాడు. ప్రభుత్వ ఉత్తర్వుల మేరకు తాను తలుపు కాపలా కాశానని, ఊరంతా ఇష్టపూర్వకంగా సహకరించిందని అందులో ఉంది. ఇంగ్లీషులో ఉంటే ఉదయభాస్కర్ తెలుగులో చెప్పాడు. ఇష్టపూర్వకంగా అన్నచోట గంగయ్య కాసేపు ఆగాడు. తర్వాత రేకు సందులోంచి కాగితం తీసుకుని సంతకం పెట్టాడు. అబద్ధమేముంది అందులో? ఉత్తర్వు ఉంది, పాటించాడు.

ఆ సాయంత్రం భానుశ్రీ అతనికి ఫోను చేసింది.

"గంగయ్య గారూ, నేను మీ అల్లుడి లాయర్నండి. మీరు అటువైపు సంతకం పెట్టారని తెలిసింది. తప్పు పట్టడానికి చెయ్యలేదు. ఒక్క సంగతి అడగొచ్చా?"

"అడగండమ్మా."

"ఆ ఆర్డరు మీరు చూశారా?"

"నాకు ఇంగిలీషు రాదమ్మా."

"చదివారా అని కాదండి. కంటితో చూశారా?"

గంగయ్యకి కోపం వచ్చింది. "గవర్నమెంటోళ్లు ట్రాక్టర్లేసుకొచ్చి ఉత్తినే కంచె కడతారా అమ్మా? రోగం పట్టి లోకం చచ్చిపోతంటే మీ కోర్టులు కాగితాలడుగుతాయా?"

"డాక్టర్లు చెప్పిందాన్ని కోర్టు కాదనదండి," అందామె నెమ్మదిగా. "ఊరు మూసెయ్యాలా వద్దా, పది రోజులా ఇరవయ్యా అన్నది వాళ్లకే వదిలేస్తుంది. రోగం వేళ గవర్నమెంటు చెయ్యి పట్టుకుని ఆపకూడదని జడ్జీలకీ తెలుసు. కాకపోతే అడిగేవి అడుగుతారు. ఏ చట్టం కింద మూశావు, ఎవరు సంతకం పెట్టారు, ఎప్పటిదాకా. ఇంతకన్నా తక్కువతో పని జరగదా, పక్కవాడిని వదిలేసి వీళ్లనే ఎందుకు కట్టేశావు. వీటికి జవాబుంటే మీ అల్లుడి కేసు కొట్టేస్తారండి. నేనే అతనికి ఆ మాట చెప్పాను."

"జవాబుంటది," అన్నాడు గంగయ్య.

జులై పదమూడున మొదటి వాయిదా. పొడిగించిన ఉత్తర్వు దాఖలు చెయ్యండని చెప్పి జడ్జీ గారు వారం గడువిచ్చారని తెలిసింది. గంగయ్య దాన్ని మంచి శకునమే అనుకున్నాడు. వారంలో తెచ్చి చూపిస్తారు, వీరబాబు నోరు మూతపడుతుంది, దుర్గ కూడా ఎప్పటికైనా అర్థం చేసుకుంటుంది, అని.

ఇరవయ్యో తారీఖు సోమవారం, కరోనా వల్ల కోర్టు వీడియోలోనే నడుస్తోంది. భానుశ్రీ పంపిన లింకుని లోకనాథ్ మాస్టారు తన ఫోనులో తెరిచి, వలలు కుట్టుకునే షెడ్డులోని టీవీకి కలిపాడు. లోకనాథ్ ఆ ఊరివాడే, పక్క మండలంలో హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాడు. కంచె లోపలే చిక్కుకుపోయాడు. అక్కడి మాటలు వీళ్లకి తెలుగులో చెప్పే పని అతనిది. షెడ్డులో వంద మంది దాకా చేరారు. గంగయ్యకి ముందు కుర్చీ వేశారు. వీరబాబు గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. నాగదుర్గ రాలేదు.

తెర మీద నాలుగు గళ్లు. ఒక దాంట్లో తెల్లజుట్టు జడ్జీ గారు, ఇంకో దాంట్లో భానుశ్రీ, మరో దాంట్లో ప్రభుత్వ న్యాయవాది. నాలుగో దాంట్లో ఎవరిదో ఖాళీ కుర్చీ.

"మొదటి ఉత్తర్వులో మేం వేలు పెట్టం అంటున్నారు," లోకనాథ్ గొంతు తగ్గించి చెప్పాడు. "అప్పటికి రోగం గురించి ఎవరికీ ఏమీ తెలీదు. ఒక కేసు బయటపడ్డాక ఇరవై ఎనిమిది రోజులు మూయడం నిపుణుల నిర్ణయం, మేం డాక్టర్లం కాదు అంటున్నారు."

గంగయ్య వీరబాబు వైపు చూశాడు. వీరబాబు తెర మీంచి చూపు తిప్పలేదు.

"భానుశ్రీ గారు హేచరీల లారీల గురించి చెప్తున్నారు. ప్రభుత్వం తరఫు ఆయన బయట కేసులు ఎక్కువయ్యాయి కాబట్టి కంచె ఉంచామంటున్నారు. జడ్జీ గారు... రోగం బయట ఉంటే, రోగం లేనివాళ్లని లోపలేసి తాళం వెయ్యడం ఎవరిని ఎవరి నుంచి కాపాడటానికి అని అడుగుతున్నారు."

షెడ్డులో ఎవరో దగ్గారు. జడ్జీ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఏదో చిన్న ప్రశ్న అడిగారు. మూడు నాలుగు మాటలే. ప్రభుత్వ న్యాయవాది కాగితాలు తిరగేశాడు. అతని పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. మైకు ఆపేసి ఉందని ఎవరో గుర్తు చేశారు. మైకు పెట్టుకుని మళ్లీ చెప్పాడు. ఒకే ఒక్క వాక్యం.

"ఏంటి మాస్టారూ?" అన్నాడు గంగయ్య.

లోకనాథ్ టీవీ వంకే చూస్తున్నాడు.

"ఏమన్నాడండి ఆయన?"

"లేదంటన్నాడు," అన్నాడు లోకనాథ్. అప్పటిదాకా పుస్తకంలా మాట్లాడిన మనిషి మాట ఊరి యాసలోకి జారిపోయింది. "పొడిగించిన ఆర్డరు లేదంట, పెద్దనాన్నా. జూన్ తొమ్మిదితో అయిపోయిందంట. ఆ తర్వాత ఎవరూ సంతకం పెట్టలేదంట. కలెక్టరాఫీసు ఇచ్చిందని మండలంవోళ్లు, మండలంవోళ్లు చూసుకుంటారని కలెక్టరాఫీసు... ఫైల్లో ఏం లేదంట."

షెడ్డులో అరుపులు లేవలేదు. అరవాలంటే ముందు ఆ మాట బుర్రలోకి ఎక్కాలి. అది ఎవరికీ ఎక్కలేదు. కంచె అక్కడే ఉంది, షెడ్డులోంచి చూస్తే రేకులు కనిపిస్తూనే ఉన్నాయి. దాన్ని తాకితే చెయ్యి కాలుతుంది. అలాంటిది లేకపోవడమేంటి?

తెర మీద జడ్జీ గారు ఒక కాగితం పైకి ఎత్తి చదువుతున్నారు. అందులో తన పేరు గంగయ్యకి వినిపించింది. ఇంగ్లీషు మాటల మధ్య, కొంచెం విరిగి, 'గంగయ్యా' అని. హైకోర్టు జడ్జీ తన పేరు పలకడం.

"మీ ప్రమాణపత్రం చదువుతున్నారు," అన్నాడు లోకనాథ్. "ప్రభుత్వ ఉత్తర్వుల మేరకు కాపలా కాశానని ఊరి పెద్ద అంటున్నాడు. జూన్ ఇరవై నాలుగున ఆయన తన సొంత కూతుర్ని ఆపాడు. ఏ ఉత్తర్వు మేరకు ఆపాడు అని అడుగుతున్నారు."

ప్రభుత్వ న్యాయవాది తల దించుకున్నాడు. జడ్జీ గారు జవాబు కోసం చాలాసేపు చూశారు. ఆయన చూపు తెరలోంచి నేరుగా తన మీదే ఉందని గంగయ్యకి అనిపించింది. లేచి నిలబడ్డాడు. ఆయనకి తాను కనపడడని తెలిసీ చేతులు కట్టుకున్నాడు.

తీర్పు అరగంటలో వచ్చేసింది. ఆపద వేళ ప్రభుత్వానికి ఎక్కువ వెసులుబాటు ఇస్తామనీ, అయితే ఆ వెసులుబాటు తీసుకున్నవాడు దాని కింద సంతకం పెట్టి బాధ్యత వహించాలనీ జడ్జీ గారు అన్నారు. మొదటి ఇరవై ఎనిమిది రోజులూ చెల్లుతాయి. ఆ తర్వాత నలభై ఒక్క రోజులు ఈ ప్రజల్ని ఏ అధికారమూ లేకుండా నిర్బంధించారు. సాయంత్రం ఐదింటికల్లా కంచె తీసెయ్యాలి. జూన్ ఇరవై నాలుగో తారీఖున జరిగినదాని మీద విచారణ జరిపి నివేదిక ఇవ్వాలి.

లోకనాథ్ చెప్పడం ముగించేసరికి గంగయ్య షెడ్డులో లేడు. ఎండలో, చెప్పుల్లేకుండా, కంచె వైపు నడుస్తున్నాడు. వేళ్ల మీద లెక్క పెడుతున్నాడు. తొమ్మిది నుంచి ఇరవై నాలుగుకి పదిహేను. పదిహేను రోజుల కిందటే ఆ తలుపుకి తాళం అక్కర్లేకపోయింది. ఆ రోజు తను కాపలా కాసింది దేన్ని? మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ పదిహేనే వచ్చింది.

మొల్లోంచి చెవి తీశాడు. తాళంలో పెట్టబోయాడు. అవతల కుర్చీలో ఉన్న కానిస్టేబులు గణేష్‌బాబు లేచి వచ్చాడు.

"పెద్దాయనా, ఏం చేస్తున్నారు?"

"కోర్టు తీసెయ్యమంది."

"నాకింకా ఆర్డరు రాలేదండి. కాగితం వచ్చేదాకా ఉండండి."

గంగయ్య అతని మొహంలోకి చూశాడు. కుర్రాడు, మంచివాడే, రోజూ మంచినీళ్లడిగి తాగేవాడు.

"ముయ్యడానికి కాగితం లేదంట బాబూ," అన్నాడు. "తియ్యడానికి కావాలా?"

ముసలాయన తల రేకుకి ఆనించి నిలబడిపోయి ఉన్నాడు. వెనక ఊరంతా వస్తోంది. గణేష్‌బాబు రెండడుగులు వెనక్కి వేసి, అటు తిరిగి నిలబడ్డాడు. వీరబాబు వచ్చి మామ చేతిలోంచి చెవి తీసుకుని తాళం తెరిచాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ఆ సాయంత్రం భానుశ్రీ కేసు కాగితాలన్నీ వాట్సాప్‌లో పంపింది. వీరబాబు ఇంటి అరుగు మీద లోకనాథ్ వాటిని చూస్తుంటే, నాగదుర్గ లోపల్నుంచి వచ్చి గడప మీద కూర్చుంది. కంచె తీసినందుకు ఆమె మొహంలో ఏ మార్పూ లేదు.

"మొదటి ఆర్డరు ఉంది కదా మాస్టారూ. నిజంగా ఉన్నది. దాంట్లో ఏం రాశారో మొత్తం చదవండి," అంది.

గంగయ్య అరుగు చివర, ఆమెకి కొంచెం దూరంగా కూర్చున్నాడు. లేచి పొమ్మని ఎవరూ అనలేదు.

లోకనాథ్ ఒక్కో అంశమూ చదివి తెలుగులో చెప్పాడు. దుకాణాలు మూయాలి. గుంపులు కూడకూడదు. ఇంటింటికీ పరీక్షలు చెయ్యాలి. ఏడో అంశం దగ్గర కళ్లు చిట్లించి, ఫోను దగ్గరికి తెచ్చుకుని రెండోసారి చదువుకున్నాడు.

"చదవండి," అంది నాగదుర్గ.

"వైద్య అత్యవసర పరిస్థితుల్లో..." లోకనాథ్ ఆ లైను కింద వేలు పెట్టుకున్నాడు. "గర్భిణులు, గుండె జబ్బువాళ్లు, డయాలిసిస్ రోగులు అందుబాటులో ఉన్న ఏ వాహనంలోనైనా వెళ్లొచ్చు. ముందస్తు అనుమతి అవసరం లేదు."

అచ్చాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గంగయ్యకి ముందు చెవుల్లో ఏదో హోరు వినిపించింది, సముద్రమేమో అనుకున్నాడు. మధ్యాహ్నం నుంచీ అతను ఒక్క ఊతకర్ర పట్టుకుని ఉన్నాడు. ఉత్తర్వు ముగిసిపోయిందని నాకు తెలీదు, బతికున్నంతకాలం అది నిజమైన ఉత్తర్వే, అని. ఇప్పుడు అదీ లేదు. బతికున్న ఉత్తర్వు కూడా తన కూతుర్ని ఆపమనలేదు. వెళ్లనిమ్మంది. పేరు పెట్టి మరీ చెప్పింది, గర్భిణులు అని. అంబులెన్సు వచ్చేదాకా తియ్యొద్దన్నది ఏ కాగితమూ కాదు, ఒక ఉద్యోగి నోటిమాట. దాన్ని చట్టం చేసింది తను.

"మళ్లీ చదవండి మాస్టారూ," అన్నాడు గంగయ్య.

లోకనాథ్ మళ్లీ చదివాడు. వీరబాబు లేచి ఒడ్డు వైపు వెళ్లిపోయాడు. నాగదుర్గ చివరిదాకా విని, గడప మీంచి లేచి, తలుపు మూసుకుంది.

విచారణ అక్టోబరులో జరిగింది, కాకినాడలో. తలుపు దగ్గర ఏం జరిగిందో చెప్పడానికి సాక్షి కావాలని భానుశ్రీ ఫోను చేస్తే, ఎవరినో వెతకనక్కర్లేదు, నేను వస్తానన్నాడు గంగయ్య. అప్పటికే అతను కులపెద్దగా తప్పుకున్నాడు. వద్దని బతిమాలినవాళ్లకి దణ్ణం పెట్టి ఊరుకున్నాడు.

అధికారి ముందు నిలబడి, పొద్దున ఎన్నింటికి ఆటో వచ్చింది, అల్లుడు ఏమన్నాడు, తనేమన్నాడు, కూతురు ఏమని పిలిచింది, అన్నీ చెప్పాడు.

"మీకు అలా చెయ్యమని చెప్పిందెవరు?" అన్నాడు అధికారి.

"ఉదయభాస్కర్ గారు చెప్పేరండి. కానీ ఆయన ఆ పూట అక్కడ లేరు. చెవి నా చేతిలో ఉంది. తియ్యకపోయింది నేనండి."

"మీ మీదికి తెచ్చుకోకండి. మీరు అధికారి కాదు, మీకు చట్టం తెలీదు."

"తెలీదనే రాసుకోండి," అన్నాడు గంగయ్య. "తెలీకుండానే ఆపేనని కూడా రాయండి."

ఆ మాటలు అన్నీ రాశారు. ఉదయభాస్కర్‌ని సస్పెండ్ చేసి, ఆరు నెలలకి వేరే మండలంలో వేశారు. అతను ఒకసారి వచ్చి నాగదుర్గ గుమ్మం ముందు నిలబడి వెళ్లాడు. తనకీ ఎవరో ఫోనులో చెప్పారని, ఎవరో గుర్తు లేదని అన్నాడు. అది నిజమే అయి ఉంటుంది. నష్టపరిహారం ఇవ్వమని కోర్టు చెప్పింది. నాగదుర్గ ఆ కాగితం మీద వేలిముద్ర వెయ్యడానికి రెండు నెలలు ఒప్పుకోలేదు, చివరికి వీరబాబు నచ్చజెప్పాడు.

తండ్రితో మాత్రం మాట్లాడలేదు. ఏడాది తిరిగొచ్చే సమయానికి, రెండు వేల ఇరవై ఒకటి మే నెలలో, రెండో దఫా రోగం మొదటి దానికన్నా ఘోరంగా వచ్చింది. పెద్దింట్లమ్మ వీధిలో ఒకే ఇంట్లో ముగ్గురు పడ్డారు. మూడో రోజు పొద్దున ఒక ట్రాక్టరు వెదురు బొంగులతో వచ్చి పాత చోటే ఆగింది.

గంగయ్య ఇంటి ముందు కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ట్రాక్టరు చూసి చేతిలోని వల సూది జారిపోయింది. గోడ పట్టుకుని లేచాడు. మగాళ్లు గుమిగూడి కేకలేస్తున్నారు, ఒక్క బొంగు దింపినా ట్రాక్టరు తగలబెడతామంటున్నారు. ఆ గుంపుని తోసుకుంటూ ముందుకెళ్లింది నాగదుర్గ.

"కాగితం ఉందా అండి?" అంది.

ట్రాక్టరు వెంట వచ్చినామె మండలాఫీసులో కొత్త ఉద్యోగిని. సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసిచ్చింది. కింద సంతకం, ముద్ర, తారీఖు ఉన్నాయి. పద్నాలుగు రోజులని ఉంది. నాగదుర్గ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తల తిప్పింది. గుంపు వెనక, గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డ తండ్రి కనిపించాడు.

"నాన్నా," అంది. "మాస్టార్ని పిలుచుకురా. మొత్తం చదివించాలి. అందరికీ వినపడేలాగ."

గంగయ్య లోకనాథ్ ఇంటి వైపు, పడుతూ లేస్తూ, ఆ వయసులో నడవకూడనంత వేగంగా నడిచాడు.